తాత గండ్రగొడ్డలి, బరిసె దొరికినయి. కట్టెకు పుచ్చు, ఏం జెయ్యాలె?

దూలం_మీది_మూట (నల్గొండ):
పాత ఇల్లు కూలగొట్టే ముందు దూలాల మీది సామాను దించినం. గోనెసంచిల చుట్టి రెండు దొరికినయి. ఒకటి గండ్రగొడ్డలి, ఒకటి బరిసె. రెండూ తాతవి. గొడ్డలి కామ నల్లతుమ్మ అనుకుంట, చెయ్యి పట్టే కాడ అరిగి అద్దం లెక్క నున్నగున్నది. తల వదులైంది, ఊపితే టకటక అంటది. బరిసె బొంగుకు సన్న బొక్కలు, కింద పిండి రాలుతుంది. ఇనుముకు జంగు. బొంగు మొదట్ల ఇత్తడి పొన్ను, అంటే కట్టు. అమ్మేది లేదు, గోడకు పెట్టుకుంట. పుచ్చు ఎట్ల ఆపాలె, తల ఎట్ల బిగియ్యాలె, పొన్ను చింతపండుతోటి తోమొచ్చా?

పాలమూరు_రేగడి:
ఇంత ఆలోచన ఎందుకన్నా. రాత్రి గోలెంల తల మునిగేటట్టు పెట్టు, పొద్దుగాల రాయి లెక్క బిగుస్తది. మా ఇంట్ల అందరం గట్లనే చేస్తం.

వడ్ల_బిడ్డ:
దండం పెడ్త, నానెయ్యకు. కట్టె నీళ్లు తాగి ఉబ్బుతది. చుట్టూ ఇనుపకన్ను, అంటే కామ దూరే బొక్క ఉన్నది, ఉబ్బనీకి జాగ లేదు. లోపల పోగులు నలిగిపోతయి. ఆరినంక ముందటికన్న సన్నమైతది. ఇయ్యాల బిగుస్తది, వారానికి ఇంకింత వదులైతది. పైంగ కన్ను లోపల జంగు. కట్టెలు కొట్టే గొడ్డలైతే సరే, రెండేండ్లకు కామ మారుస్తవు. తాత చెయ్యి అరిగిన కామ మళ్ల ఏడ తెస్తడు?

పాలమూరు_రేగడి:
మా తాత బొంగులు నెలల కొద్ది చెరువుల ముంచేటోడు. ఒక్కటి పుచ్చలే. నీకన్న ఆయనకు తక్కువ తెలుసా?

వడ్ల_బిడ్డ:
తాతకు తెలుసు, నీకే తెల్వలే. ఆయన ముంచింది పచ్చి బొంగు. బొంగుల ఉండే గంజి కోసమే పురుగు వస్తది. నీళ్లల్ల నానితే ఆ గంజి కారిపోతది, పురుగుకు తిండి ఉండదు. ఎండి డెబ్బై ఏండ్లైన కామకు, ఆ ముచ్చటకు ఏం సంబంధం?

పాలమూరు_రేగడి:
అమాస నాడు కొట్టిన బొంగు ముంచకున్నా పుచ్చదు. గది గూడ చెప్పు, ఇంజినీర్ సాబ్.

నల్లమల_గాలి:
అమాస ముచ్చట అచ్చంపేట దిక్కు కూడా అంటరు. నేను అమాసకు కొట్టించిన బొంగు రెండేండ్లకే జల్లెడైంది, గందుకే నవ్వొస్తుంది. చెంచుల విల్లు ఒకటి మా ఇంట్ల ఉన్నది, అదీ వెదురే. నారి విప్పి పెట్టుండ్రి. ఎప్పుడూ నారి ఎక్కించి గోడకు తగిలిస్తే వంగినకాడికి వంగి ఉండిపోతది. నాది గట్లనే పాడైంది. మళ్ల చక్కగ కాలే.

గడీ_గోడ:
పోస్టు పెట్టినాయన, బరిసె ఏ కాలానిది? రజాకార్ల మీద పట్టిందా, లేక దొర దగ్గర కావలి ఉన్నోళ్లదా? ఇత్తడి పొన్ను అంటున్నవు. కూలోళ్ల బరిసెకు ఇత్తడి ఎక్కడిది?

దూలం_మీది_మూట:
మా తాత సంఘంల ఉన్నడు. నువ్వు అడిగే తీరు బాగలేదు.

మూసీ_ఒడ్డు:
గడీ_గోడ, జెర నోరు అదుపుల పెట్టుకో. 1946 జులై 4న కడవెండిల సంఘపోడు దొడ్డి కొమురయ్యను దొర మనుషులు కాల్చి చంపినంక ఊరూరా వడిసెలలు, గుత్పలు, బరిసెలే లేసినయి. అప్పుడు అది నల్గొండ జిల్లానే. పొన్ను ఇత్తడిదా ఇనుముదా అని ఎవడు చూసిండు? కావలోని చేతిలకెల్లి గుంజుకున్నదే కావచ్చు.

గడీ_గోడ:
నేను అడిగింది వస్తువు గురించి. మీరే గరమైతున్నరు.

పాత_కత్తుల_ఖాన్‌దాన్:
ఇరవై ఏండ్ల సంది పాత కత్తులు కొంటున్న, అమ్ముతున్న. చూడంగనే చెప్త. మా దగ్గరున్న కత్తి కోనసముద్రం ఉక్కు. ఆ ఉక్కు కోసం పర్షియా సౌదాగర్లు నిజామాబాద్ దాక వచ్చేటోళ్లు. గ్రైండర్ పెట్టి తళతళ మెరిపించిన, పిడికి మూడు కోట్లు వార్నీష్ కొట్టిన. కొత్తదాని లెక్కున్నది. నీ గొడ్డలి గూడ తీసుకరా, చేసిస్త.

వడ్ల_బిడ్డ:
అయ్యో. ఆ ఉక్కు మీద నీళ్లు పారినట్టు గీతలుంటయి, దాని ఇలువే అది. గ్రైండర్ పెట్టినంక ఆ గీతలు ఉన్నయా?

పాత_కత్తుల_ఖాన్‌దాన్:
గీతలు కనబడితే కస్టమర్ జంగు అనుకుంటడు.

మూసీ_ఒడ్డు:
😂😂 ఖాన్‌దాన్!

ల్యాబ్_బెంచి:
నేను మ్యూజియం వస్తువుల సంరక్షణ పని చేస్తాను. ఎవరూ పుచ్చు సంగతి చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ముందు పురుగు బతికి ఉందో లేదో చూడండి. బొక్కలు పాతవే కావచ్చు, పురుగు ఎప్పుడో ఎగిరిపోయి ఉండవచ్చు. కదిలించినా పాత పిండి రాలుతుంది. అందుకని మెత్తటి బ్రష్‌తో దులిపి, నల్ల కాగితం మీద పెట్టి, కదపకుండా పదిహేను రోజులు చూడండి. కొత్త పిండి పడితే పురుగు ఉన్నట్టే. అప్పుడు పాలిథిన్‌లో చుట్టి, గాలి తీసి, టేపు వేసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక కవరు ఒక రోజు విప్పకండి, విప్పితే ఇనుము మీద చెమ్మ పడుతుంది. కిరోసిన్ లోపలిదాకా పోదు, మరక మాత్రం మిగులుతుంది. చింతపండు వద్దే వద్దు. ఆ పులుపు ఇత్తడిని తింటుంది, పక్కనున్న చెక్కలోకి ఇంకుతుంది.

క్రికెట్_కిట్టు:
కామకు అవిసె నూనె పెట్టు బ్రో. బ్యాటుకు పెడ్తం కదా, సేమ్.

ల్యాబ్_బెంచి:
ఆడే బ్యాటుకు సరే. పాత చెక్క మీద అవిసె నూనె ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది, దుమ్ము పడుతుంది, ఇక తీయలేరు. కొబ్బరినూనె, ఆముదం అసలు ఆరవు, జిడ్డుగా ఉండిపోతాయి. పలచగా మైనం చాలు. ఇనుముకు కుట్టుమిషన్ నూనె ఒక తడి, చెక్కకు తగలకుండా. ఎర్ర జంగు పొడి రాలితేనే మెల్లగా తీయండి. గట్టి నల్లపొర జోలికి పోకండి. ఉప్పు కాగితం పెట్టకండి.

మిర్యాలగూడ_మిల్లు:
అవిసె నూనె అన్నరు కాబట్టి చెప్తున్న. తలుపులకు పూసిన గుడ్డలు ముద్ద చేసి మూలకు ఏసిన, మే నెల. మధ్యాహ్నం పొగ! ఎవడో బీడీ ఏసిండని పనోన్ని తిట్టిన. తర్వాత తెలిసింది, ఆ నూనె ఆరుకుంట ఆరుకుంట తనంతట తనే వేడైతదట. గుడ్డలు విడిగా ఆరేయుండ్రి, లేదంటే నీళ్లల్ల ఏయుండ్రి. పనోడు మళ్ల రాలే.

జమ్మి_ఆకు:
మరి దసరాకు పూజ చెయ్యొద్దా? మేము మా తల్వార్‌కు పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు అన్ని పెడ్తం. పిడి ఎర్రగైంది, అయితే ఏంది. దేవుని సామాను అట్లనే ఉండాలె.

ల్యాబ్_బెంచి:
పూజ వద్దనలేదు. ఒక ఆకు మీద పెట్టి, బొట్టు ఆ ఆకుకు పెట్టండి.

జమ్మి_ఆకు:
ఆకుకు బొట్టు పెడితే ఆకు పూజ అయితది.

దేవరకొండ_ఖిల్లా:
తల్వార్ అన్నవు, లైసెన్స్ ఉన్నదా? 9 అంగుళాలు దాటిన అలుగుకు, లేదంటే 2 అంగుళాలు దాటిన వెడల్పుకు, ఆయుధాల చట్టంల లెక్క ఉన్నది. పొలం పని, ఇంటి పని సామానుకు మినహాయింపు. బరిసె పొలం సామాను కాదు. వందేండ్లు దాటినయి పురావస్తువుల కిందికి వస్తయి, 1972 చట్టం, దేశం బయటికి పంపరాదు. గోడకు కొట్టే ముందు ఠాణల ఒక మాట అడుగు.

గడీ_గోడ:
ఇప్పుడు గొడ్డలి పొలందా, యుద్ధందా? గండ్రగొడ్డలి కదా 🙂

దూలం_మీది_మూట:
చెట్లు కొట్టిన గొడ్డలే. తల ముచ్చట ఎవరూ తేల్చలే.

వడ్ల_బిడ్డ:
ఇప్పుడు ఎండలు. కట్టె ఎండి అడ్డంల సన్నమైతది, అందుకే టకటక. శ్రావణం దాక ముట్టకు, వాన గాలికి దానంతట అదే సగం బిగుస్తది. అప్పుడూ వదులుంటే సందుల పలచటి తోలు ముక్క పెట్టు, మళ్ల తీసేటట్టు. జిగురు పొయ్యకు. చెక్క సీల దిగ్గొట్టకు, ఎండిన తుమ్మ చీలుతది.

పాలమూరు_రేగడి:
శ్రావణం దాక ఆగితే వాన గాలి నీళ్లే కదా? నేను చెప్పిందే తిప్పి చెప్తున్నవు.

వడ్ల_బిడ్డ:
గాలిల చెమ్మకు, గోలెంల ముంచుడుకు తేడా తెల్వకుంటే నీ ఇష్టం.

దూలం_మీది_మూట:
నల్ల కాగితం పెట్టిన పదిహేను రోజులకు వస్తున్న. బొంగు కింద కొత్త పిండి పడ్డది, పురుగు ఉన్నది. బొంగు ఆరడుగులు, మా ఫ్రిజ్‌ల పట్టదు. ఐస్‌క్రీం బండోల్ల పెద్ద డబ్బా ఫ్రీజర్ అడిగిన, బరిసె అంటే భయపడ్డరు. ఠాణకు పోయిన, చూసి ఫోటో తీసుకున్నరు, మళ్ల పిలుస్తమన్నరు. నల్గొండ దగ్గర ఎవరి దగ్గరన్న ఆరడుగుల ఫ్రీజర్ ఉన్నదా? అలుగు విప్పి బొంగు ఒక్కటే తెస్త.

మిర్యాలగూడ_మిల్లు:
చేపలోళ్లది ఉన్నది, అడిగి చెప్త. వాసన వస్తది మరి.

ల్యాబ్_బెంచి:
అలుగు విప్పకండి! అది లక్కతో అతికించి ఉంటే పగులుతుంది. మొత్తంగానే చుట్టండి.

దూలం_మీది_మూట:
విప్పిన.