జీబీలో మార్పు: ఫ్యూజన్ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (యలహంక, బెంగళూరు)

అందరికీ నమస్కారం. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్-1 కణంలోకి ప్రవేశించే తీరు మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. వైరస్ పైపొర మీది ప్రొటీన్లైన జీబీ, జీడీ, జీహెచ్, జీఎల్‌ల ప్లాస్మిడ్లను (జన్యువును మోసే డీఎన్‌ఏ వలయాలను) ఒక డిష్‌లోని సీహెచ్‌ఓ (చైనీస్ హామ్‌స్టర్ అండాశయ) కణాలకు, వైరస్ పట్టుకునే రిసెప్టర్ అయిన నెక్టిన్-1 ప్లాస్మిడ్‌ను వేరే డిష్‌లోని కణాలకు ఇచ్చి, రెండింటినీ కలిపాక, కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతేనే (ఫ్యూజన్) వచ్చే లూసిఫరేజ్ ఎంజైము వెలుగును కొలుస్తున్నాను.

జీబీలో 174వ స్థానంలోని ట్రిప్టోఫాన్‌ను ఆర్జినిన్‌గా మార్చితే వెలుగు దాదాపు ఖాళీ (జీబీ లేని) ప్లాస్మిడ్ స్థాయికి పడిపోయింది. జీబీ తోక (కణం లోపలి వైపు ఉండే భాగం) చివరి 28 అమైనో ఆమ్లాలను తీసేస్తే మాత్రం మామూలు జీబీ కంటే ఎక్కువ వెలుగు వచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే కణాల హద్దులు చెరిగిపోయి, కేంద్రకాలు ద్రాక్షగుత్తిలా ఒకచోట గుమిగూడి ఉన్నాయి. ప్రొటీన్ పరిమాణాన్ని చూపే వెస్టర్న్ బ్లాట్‌లో మామూలు జీబీ, మార్చిన రెండు జీబీల బ్యాండ్లు మూడూ సమానంగానే కనిపించాయి. మొదటి మార్పు ఫ్యూజన్‌ను నేరుగా దెబ్బతీసిందనీ, రెండోది పెంచిందనీ రాయవచ్చునా?

జవాబు 1 (మల్లేశ్వరం)

ఇప్పుడే రాయవద్దని నా మనవి. బ్లాట్ కణం మొత్తంలో ఉన్న జీబీని చూపిస్తుంది. సరిగా ముడుచుకోలేక ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో (కణంలో ప్రొటీన్లు ముడుచుకునే చోట) చిక్కుకుపోయినది కూడా అదే బ్యాండ్‌లో కలిసిపోతుంది. ఫ్యూజన్‌కు పనికివచ్చేది కణం ఉపరితలానికి చేరిన జీబీయే కనుక, కణాలకు డిటర్జెంటు తగలనీయకుండా, మంచు మీదే యాంటీబాడీ పట్టించి, ఒక్కో కణాన్ని విడిగా కొలిచే ఫ్లో సైటోమెట్రీలో చూడండి.

తోక తెగిన జీబీకి ఇది మరీ ముఖ్యం. ఉపరితలం మీది జీబీని తిరిగి కణం లోపలికి లాక్కునే సంకేతం ఒకటి, 889వ టైరోసిన్‌తో మొదలయ్యేది, మీరు తీసేసిన భాగంలోనే ఉంది. అది పోతే పైన జీబీ పేరుకుపోవచ్చు. వెలుగును ఉపరితల జీబీ పరిమాణంతో భాగించినా ఎక్కువగానే ఉంటే, తోక జీబీని సమయం వచ్చేదాకా బిగించి ఉంచే గొళ్లెంలా పనిచేస్తుందన్న వివరణకు బలం వస్తుంది. ఈ కొలత లేకుండా ముందుకు పోయి, నేను ఆరు నెలల పనిని మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది.

జవాబు 2 (హెబ్బాళ)

పై మాటతో ఏకీభవిస్తూ, 174వ స్థానం గురించి చెబుతాను. మూడు జీబీ అణువులు కలిసి ఏర్పడే పొడవాటి కట్ట కొసన ఫ్యూజన్ లూపులు ఉంటాయి. నీటికి దూరంగా ఉండే ట్రిప్టోఫాన్ 174, టైరోసిన్ 179 వంటివి అక్కడి నుంచే ఆతిథేయ కణపు పొరలోకి దిగుతాయి. ఆ చోట ధనావేశం గల ఆర్జినిన్‌ను పెడితే కొవ్వు పొరలోకి దిగడం కష్టమవుతుంది. మార్చిన జీబీ ఉపరితలానికి చేరిందని రుజువైతే, పొరలో ఇమిడే భాగమూ తోకా లేకుండా దాన్ని తయారుచేసి, లైపోజోములతో (కొవ్వు పొరతో చేసిన చిన్న బుడగలతో) కలిపి, సాంద్రత పొరపొరగా మారే చక్కెర ద్రావణంలో (సుక్రోజ్ గ్రేడియంట్) తిప్పండి. లైపోజోములతో పాటు పైకి తేలకుండా అడుగునే ఉండిపోతే, మీ అనుమానానికి నేరుగా ఆధారం దొరికినట్టే.

రిసెప్టర్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. జీడీలో 27వ గ్లుటమిన్‌ను ప్రోలిన్‌గా మార్చితే హెచ్‌వీఈఎం అనే మరో రిసెప్టర్‌తో బంధం పోతుంది గానీ నెక్టిన్-1తో నిలుస్తుంది. హెచ్‌వీఈఎం ఒక్కదానితోనే పరీక్షించినవారు ఆ జీడీ పనికిరాదని పొరబడతారు.

ఇంకొకటి: కణానికీ కణానికీ మధ్య ఫ్యూజన్ పెరిగినంత మాత్రాన వైరస్ ప్రవేశం కూడా పెరిగిందని చెప్పలేము. జీబీ జన్యువు లేని వైరస్‌ను మీ మార్పుల జీబీ ఉన్న కణాల్లో పెంచి, ఆ వైరస్ వేరే కణాలకు సోకుతుందో లేదో చూడవలసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉపరితల కొలతను ఈ వారమే, ఫ్యూజన్ పరీక్షకు వాడే ట్రాన్స్‌ఫెక్షన్ (ప్లాస్మిడ్లు ఇచ్చిన విడత) నుంచే కొన్ని కణాలను పక్కకు తీసి చేస్తాను. వేరే రోజు కణాలతో పోల్చితే ప్రయోజనం ఉండదు. ఫలితం ఏదైనా ఇక్కడే రాస్తాను.