క్రైస్తవులు, ముస్లింలు మొక్కేది ఒకే దేవుడికా?

తుంగభద్ర తీరం:
అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వీటన్ కాలేజీ ఎవాంజెలికల్ (బైబిలే ప్రమాణమనే ప్రొటెస్టెంట్) క్రైస్తవుల సంస్థ. 2015 డిసెంబరులో అక్కడి ప్రొఫెసర్ లరీషియా హాకిన్స్ ముస్లింలకు మద్దతుగా హిజాబ్ వేసుకుని, మనమూ వాళ్లూ ఆరాధించేది ఒకే దేవుణ్ణని ఫేస్‌బుక్‌లో రాశారు. కాలేజీ ఆమెను సెలవులో పెట్టింది. 2016 ఫిబ్రవరికల్లా ఆమె అక్కడి నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఉద్యోగం దాకా వచ్చేంత తేడా ఉందా ఇందులో? తెలిసినవాళ్లు చెప్పండి. తిట్లు, రాజకీయాలు వద్దు.

బెరయ పాఠకుడు:
ఉంది. కుమారుణ్ణి ఒప్పుకోనివాడికి తండ్రి కూడా లేడని యోహాను మొదటి పత్రిక 2:23 సూటిగా చెబుతోంది. యేసు దేవుని కుమారుడు కాడన్నాక మిగిలే దేవుడు మా దేవుడెలా అవుతాడు? పేరుకి ఇద్దరూ ఒక్కడే అంటారు, అంతే.

కర్నూలు భాయ్:
బ్రదర్, ఖురాన్ 29:46 చూడండి. గ్రంథ ప్రజలతో, అంటే యూదులు, క్రైస్తవులతో, ‘మా దేవుడూ మీ దేవుడూ ఒక్కడే’ అని చెప్పమంటోంది. వాళ్ల భోజనం తినొచ్చనీ, వాళ్ల ఇంటి పిల్లను పెళ్లాడొచ్చనీ 5:5లో ఉంది. విగ్రహారాధకుల విషయంలో ఆ సడలింపు లేదు. కాబట్టి దేవుడు ఒక్కడే, మీరు ఆయన గురించి తప్పు చెబుతున్నారు. ముగ్గురనకండి, మానుకోండి, మీకే మేలని 4:171 హెచ్చరిస్తోంది.

బెరయ పాఠకుడు:
భాయ్, ముగ్గురు దేవుళ్లని ఏ చర్చిలో అంటారు? పైగా 5:116లో మరియమ్మను కూడా కలిపారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న త్రిత్వంలో మరియమ్మ ఎక్కడుంది?

కర్నూలు భాయ్:
ఆ వాక్యంలో త్రిత్వం ఊసే లేదు. ‘నన్నూ మా అమ్మనూ దేవుళ్లుగా చేసుకోమని నువ్వు చెప్పావా’ అని అల్లాహ్ ఈసా (యేసు) అలైహిస్సలాంని అడుగుతాడు. కొవ్వొత్తులు పట్టుకుని ఆమెకు మొక్కేవాళ్లు మీలో లేరా?

పాత పుస్తకాల పిచ్చి:
ఇద్దరూ ఒకటా మూడా అన్న లెక్క దగ్గరే ఆగిపోయారు. అసలు పేచీ అక్కడ లేదని నా అభిప్రాయం.

బెరయ గారూ, మీ కొలతతో చూస్తే యూదులూ కుమారుణ్ణి ఒప్పుకోరు. మరి వాళ్లు వేరే దేవుడికి మొక్కుతున్నారని పాస్టర్లెవరైనా అంటారా? అబ్రాహాము దేవుడే మా దేవుడంటారు. ముస్లింల దగ్గరికొచ్చేసరికి కొలత మారిపోతోంది. రోమన్ కేథలిక్ చర్చి 1965లోనే, రెండో వాటికన్ సభలో, ముస్లింలు ఆరాధించేది ఏకైక దేవుణ్ణేనని రాసుకుంది. యేసును వాళ్లు దేవుడిగా ఒప్పుకోరన్న సంగతి కూడా అదే పత్రంలో ఉంది.

భాయ్, ఇప్పుడు మీ వైపు. ఖురాన్ అల్లాహ్ వాక్కు. ఆ వాక్కు ఎప్పటి నుంచి ఉంది? అదీ సృష్టే అన్నారు తర్కానికి పెద్దపీట వేసిన ముతజిలా శాఖ పండితులు. కాదంటే అల్లాహ్‌తో పాటు అనాదిగా ఇంకోటి ఉన్నట్టే కదా, తౌహీద్ (దేవుడు ఒక్కడే అన్న నమ్మకం) ఏమవుతుందని వాళ్ల భయం. 833లో ఖలీఫా మామూన్ ఈ మాట ఒప్పుకుంటారా లేదా అని ఖాజీలను, పండితులను ఒక్కొక్కరినీ నిలదీయించాడు. వాళ్లలో అహ్మద్ ఇబ్న్ హన్బల్ అనే పండితుడు ససేమిరా అన్నారు. జైలుకెళ్లారు, తర్వాతి ఖలీఫా హయాంలో కొరడా దెబ్బలు తిన్నారు. చివరికి సున్నీ ప్రపంచంలో నిలబడింది ఆయన మాటే. వాక్కు సృష్టి కాదు. మరి అది అల్లాహ్‌యేనా, వేరా? దైవ గుణాలను ఆయనే అనలేం, ఆయన కానివనీ అనలేం అన్నారు సున్నీల్లోని అష్అరీ శాఖ పండితులు.

యోహాను సువార్త మొదటి వచనం కూడా అలాంటి చోటే నిలబడి ఉంది. ‘వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను.’ అనాది వాక్కు దాకా ఇద్దరూ దాదాపు పక్కపక్కనే నడిచారు. దారి చీలేది 14వ వచనంలో, ‘ఆ వాక్యము శరీరధారియై’ అన్నచోట. ముస్లింలకు ఆ వాక్కు పారాయణమై, గ్రంథమై దిగింది. క్రైస్తవులకు మేరీ కడుపున పుట్టి, ఆకలేసి, ఏడ్చి, చచ్చిపోయింది. దేవుడు అంత కిందికి దిగుతాడా, దిగితే ఇంకా దేవుడేనా అన్నదే ప్రశ్న.

విశాఖ నాస్తికుడు:
లేని ఆస్తికి పంపకాల గొడవ.

తుంగభద్ర తీరం:
సార్, మీ చర్చా దారం (థ్రెడ్) పక్కనుంది, అక్కడ రాసుకోండి.

ఓ పాఠకురాలు:
పండితుల సంగతి సరే, మామూలు మనిషి ప్రార్థన చూడండి. మా పక్కింటి ఆంటీ రోజూ ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని మొదలుపెడతారు. నమాజులో ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) ‘సర్వలోకాల ప్రభువు’ అని మొదలై, ‘తీర్పు దినానికి యజమాని’ దగ్గరికి వెళుతుంది. ఐదు పూటల ఫర్జ్ (తప్పనిసరి) నమాజులో అది 17 సార్లు చదవాలి. అల్లాహ్‌కి 99 పేర్లు చెబుతారు. కరుణామయుడు, ప్రేమించేవాడు, క్షమించేవాడు అన్నీ ఉన్నాయి, తండ్రి లేదు. మేం దేవుని బిడ్డలం అన్న యూదుల, క్రైస్తవుల మాటను 5:18 తోసిపుచ్చుతుంది కూడా. ముస్లింల దేవుడికి ప్రేమ లేదనడం శుద్ధ అబద్ధం. కానీ ఇంట్లో బిడ్డగా నిలబడటం వేరు, యజమాని ముందు నిలబడటం వేరు.

బెరయ పాఠకుడు:
బాగా చెప్పారమ్మా. ఇకమీదట దాసుడవు కావు, కుమారుడవే అన్నాడు పౌలు, గలతీ 4:7లో.

కర్నూలు భాయ్:
దాసుడంటే తక్కువని మీకెవరు చెప్పారు? ప్రవక్తను రాత్రికి రాత్రి అంత ఎత్తుకు తీసుకెళ్లినప్పుడు 17:1లో అల్లాహ్ వాడిన పదం ‘తన దాసుడు’ అనే. ఊయలలోని ఈసా నోరు తెరిచి అన్న మొదటి మాట, ‘నేను అల్లాహ్ దాసుణ్ణి’. అల్లాహ్ మెడ నరం కన్నా దగ్గరున్నాడని 50:16 అంటోంది. దగ్గరితనానికి చుట్టరికం అక్కర్లేదు.

బెరయ పాఠకుడు:
మా ఫిలిప్పీ 2:7 కూడా యేసు దాసుని స్వరూపం ధరించాడనే అంటుంది, భాయ్.

కర్నూలు భాయ్:
ఈసా దాసుడన్నంతవరకూ ఆమీన్. దేవుడు దాసుడయ్యాడంటేనే మాకు మింగుడుపడదు. ఆయన సమాధిలో ఉన్న ఆ మూడు రోజులూ లోకాన్ని నడిపిందెవరు?

బెరయ పాఠకుడు:
చనిపోయింది మనిషిగా. దైవ స్వభావానికి చావు లేదు. రెండు స్వభావాలు కలగాపులగం కాకుండా, విడిపోకుండా ఒకే వ్యక్తిలో ఉన్నాయని 451లో బిషప్పుల కాల్సెడాన్ సభ తేల్చింది.

కర్నూలు భాయ్:
అంటే చచ్చింది దేవుడు కాదన్నమాట. అలాగైతే ఆ బలి ఒక మనిషిదే కదా! జవాబు రాయండి, ఇషా (రాత్రి) నమాజు చదివొచ్చి చూస్తాను.