ల్యాబ్‌లో ఒకే తప్పుకు ఒకే శిక్ష: మీరు ఎలా అమలు చేస్తున్నారు?

నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ల్యాబ్‌లో 30 మంది పిల్లలు. బోర్డు వైపు తిరిగితే చాలు, సగం తెరల మీద గేమ్‌లు. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కేస్తారు, స్ప్రెడ్‌షీట్ బుద్ధిగా ప్రత్యక్షమవుతుంది. ఆ వేగం టైపింగ్‌లో చూపిస్తే ఎంత బాగుండేదో!

అసలు సమస్య గేమ్‌లు కాదు, నేనే. ఒకరోజు చూసీ చూడనట్టు వదిలేస్తాను. ఇంకోరోజు అదే తప్పుకు కంప్యూటర్ ఆపించి పక్కన కూర్చోబెడతాను. మొన్న ఒకబ్బాయి "వాడిని ఏమీ అనలేదు కదా మేడమ్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పైగా పక్క సెక్షన్ సార్ మొదటి తప్పుకే ఇంటికి ఫోన్ చేస్తారు, నేను మూడుసార్లు హెచ్చరిస్తాను.

గేమ్ సైట్లు బ్లాక్ చేశాం, ఆ అడ్డు దాటించే ప్రాక్సీ సైట్లు వెతుక్కున్నారు. వేయాన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెడితే అందరి తెరలూ నా కంప్యూటర్‌లో కనిపిస్తాయి. కానీ పట్టుకున్నాక ఏం చేయాలో అది చెప్పదు. కంప్యూటర్ ముట్టుకోనివ్వకపోతే ఆ రోజు ప్రాక్టికల్ పోతుంది.

గేమ్ ఆడటాన్నీ, ఇంకొకరి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి ఫైళ్లు చెరిపేయడాన్నీ ఒకే గాటన కట్టలేం కదా. మెట్లు మెట్లుగా శిక్షలు పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎన్నో తప్పుకు ఇంటికి కబురు పెడతారు? ఆ లెక్క ఎక్కడ రాసుకుంటారు? టర్మ్ మారితే మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారా?