బ్లోయర్ పొయ్యి రెగ్యులేటర్ పోయింది, ఎటు తిప్పినా ఫుల్ స్పీడే

కారందోశ_కడప

అన్నలూ, కొంచెం అర్జెంటు. కడపలో ఏడు రోడ్ల దగ్గర మాది చిన్న టిఫిన్ సెంటర్. దోశలు గ్యాస్ మీద పోస్తాం కానీ సాంబారు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం బజ్జీల నూనె అన్నీ కట్టెల పొయ్యి మీదే. ఇనుప పొయ్యి, అడుగున గొట్టం, ఆ గొట్టానికి కరెంటు బ్లోయర్. దాని రెగ్యులేటర్‌ని పొయ్యి కాలికే స్క్రూలతో బిగించి ఇచ్చారు. మూడేళ్లు ఏ గొడవా లేదు. మొన్న ఆదివారం నుంచి నాబ్ ఎటు తిప్పినా ఒకటే స్పీడు, ఆపాలంటే గోడ స్విచ్చే గతి. రెండు రోజులు వచ్చే తుమ్మకట్టె మోపు ఒక పూటకే బూడిదవుతోంది, ఆ బూడిదైనా పొయ్యిలో ఉంటుందా అంటే లేచొచ్చి సాంబారు గిన్నె అంచు మీద కూర్చుంటోంది. నిన్న ఒక పెద్దాయన గరిటెలో చూపించి "ఇది మిరియాల పొడేనా నాయనా?" అన్నాడు, తల ఎత్తలేకపోయాను.

షాపులో అడిగితే సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్, ఐదు స్టెప్పులది, చేతిలో పెట్టాడు. ఒకటి, రెండు మీద మోటారు గుయ్యిమంటుందే కానీ తిరగదు. మూడు మీద ఏదో తిరుగుతుంది, నిప్పు రాజుకోదు. ఐదు మీద మళ్లీ తుఫానే. ఒకసారి బిగించింది వెనక్కి తీసుకోనన్నాడు. రెగ్యులేటర్ ఒక్కటే పోయిందా, మోటారు కూడానా? మా బావ కొత్త బ్లోయర్ కొనమంటున్నాడు. వాడికేం, డబ్బులు నావి.

రీవైండింగ్_మామ (అనంతపురం)

ముందు ఇది చెప్పు. మోటారుకు అటొకటి ఇటొకటి నల్లటి స్క్రూ మూతలు ఉన్నాయా? తిరిగేటప్పుడు సందుల్లోంచి నీలం మెరుపులు కనిపిస్తాయా?

కారందోశ_కడప

ఉన్నాయి మామా. మెరుపులా, రాత్రిపూట చూస్తే దీపావళే.

రీవైండింగ్_మామ (అనంతపురం)

అయితే అది కార్బన్ బ్రష్‌ల మోటారు, మీ ఇంట్లో మిక్సీలో ఉండే రకమే. బ్రష్‌లంటే తిరిగే భాగానికి రుద్దుకుంటూ కరెంటు అందించే బొగ్గు ముక్కలు. ఫుల్ స్పీడులో తిరుగుతోందంటే మోటారు బతికే ఉంది, పోయింది రెగ్యులేటర్‌లో ట్రయాక్, అంటే మోటారుకు కరెంటు వదిలే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్. సీలింగ్ ఫ్యాన్ స్టెప్ రెగ్యులేటర్‌లో ఉండేవి కెపాసిటర్లు, వాటిని డెబ్బై ఎనభై వాట్ల సీలింగ్ ఫ్యాన్‌కు సరిపోయేలా లెక్కగట్టి పెడతారు. దాని లెక్క నీ బ్లోయర్‌కు కుదరదు, అందుకే గుయ్యిమంటోంది. షాపతను అమ్మడం అమ్మాడు కానీ మోటారు ఏ రకమో అడగలేదు చూడు, అదీ నాకు కోపం.

నీ పాతదాంట్లో పద్ధతి వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద అర్ధ తరంగాలు. ఒక్కో అర్ధ తరంగంలో ట్రయాక్ కాస్త ఆలస్యంగా తలుపు తెరుస్తుంది, ఎంత ఆలస్యమనేది నీ నాబ్ చెబుతుంది. ఆలస్యం ఎక్కువైతే మోటారుకు అందేది తక్కువ. ట్రయాక్ షార్టయిందంటే తలుపు ఊడిపోయినట్టే, ఇక నాబ్ మాట వినేవాడు లేడు. అదే ఓపెన్ అయి ఉంటే బ్లోయర్ అసలు తిరిగేదే కాదు.

ప్లగ్గు పీకేసి విప్పు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి, ఎన్ని బోర్డుల్లో స్విచ్ న్యూట్రల్ మీద పెట్టారో నలభై ఏళ్లుగా చూస్తున్నా. మూడు కాళ్ల భాగం ఉంటుంది, అదే ట్రయాక్, చిన్న రెగ్యులేటర్లలో ఎక్కువగా బీటీ136 వేస్తారు, నాలుగు ఆంపియర్లది. మల్టీమీటర్ బజర్ మీద పెట్టి మొదటి కాలు, మధ్య కాలు ముట్టించు. కుయ్‌మని మోగితే అదే దొంగ. దాని బదులు బీటీఏ16, 600 వోల్టులది వెయ్యి. కాళ్ల వరస అదే, పదహారు ఆంపియర్లు తట్టుకుంటుంది. ఇంకొకటి, బీటీ136 వెనక రేకు మధ్య కాలికి కలిసి ఉంటుంది, అంటే రేకు ముట్టుకుంటే కరెంటు ముట్టుకున్నట్టే. బీటీఏ రకానికి ఆ రేకు కరెంటుకు తగలకుండా విడిగా ఉంటుంది, ఇనుప పొయ్యి దగ్గర పనికి అదే మేలు.

కానీ మెరుపులు దీపావళి అంటున్నావే, అది మంచిది కాదు. బ్రష్‌లు అరిగి ఉంటాయి. అరిగిన బ్రష్ నిప్పు రాల్చినప్పుడల్లా ట్రయాక్ మీద వోల్టేజీ దెబ్బ పడుతుంది. బ్రష్‌లు మార్చకుండా ట్రయాక్ మారిస్తే నెలకు మళ్లీ ఇక్కడికే వస్తావు.

పొద్దుటూరోడు_ఒహాయోలో

మాది పొద్దుటూరే, ఇప్పుడు ఒహాయోలో ఉంటున్నాను. పోయిన చలికాలం నాకూ ఇదే కథ. మా ఇంట్లో ఫైర్‌ప్లేస్ ఇన్సర్ట్ ఉంది, అంటే గోడలో పాత నిప్పుగూడులోకి తోసిన ఇనుప పొయ్యి, కట్టెలే వేస్తాం. దాని ఫ్యాన్ నిప్పును ఊదదు, పొయ్యి పెట్టె చుట్టూ తిరిగి వేడెక్కిన గాలిని గదిలోకి తోస్తుంది. నాకు కూడా నాబ్ ఎటు తిప్పినా ఒకటే స్పీడు. నేనూ తెలివిగా బల్బు డిమ్మర్ తెచ్చి పెట్టాను. డిమ్మర్‌లో ఆఫ్ పక్కన తక్కువ మొదలవుతుంది, ఫ్యాన్ స్పీడ్ కంట్రోల్‌లో మాత్రం ఆఫ్ నుంచి తిప్పగానే ముందు ఎక్కువ, ఆ తర్వాతే తక్కువ. ఆగి ఉన్న మోటారు కదలాలంటే మొదట పూర్తి ఊపు కావాలి కదా, డిమ్మర్‌తో మొదటే చిన్న ఊపు ఇస్తే అక్కడే మూలుగుతూ వేడెక్కింది. అసలు ఫ్యాన్ కంట్రోల్ తెచ్చి పెడితే దారికొచ్చింది.

ఇంకో మాయ కూడా ఉంది, మా దాంట్లో పొయ్యి వేడెక్కేదాకా ఫ్యాన్‌కు కరెంటు ఇవ్వని చిన్న గుండ్రటి థర్మల్ స్విచ్ ఉంటుంది. అది తెలియక చల్లటి పొయ్యి ముందు కూర్చుని ఫ్యాన్ తిరగలేదని గంటసేపు విప్పి బిగించాను, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నీ పొయ్యికి అది ఉండదులే. ఇక్కడి పార్టు మాత్రం పంపమని అడగకు, ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్.

కొలిమి_కర్నూలు

మాది కొలిమి పని. తాత తిత్తి ఊదేవాడు, నాయన చేతి చక్రం తిప్పేవాడు, నాది కరెంటు బ్లోయర్. గాలి తగ్గించాలంటే కరెంటే తగ్గించాలా సామీ? బ్లోయర్ గాలి పీల్చుకునే నోటి దగ్గర రేకు ముక్క ఒకే స్క్రూతో బిగించు, పక్కకు జరిపేలా. ఎంత మూస్తే అంత గాలి తగ్గుతుంది. రేపు పొద్దున సాంబారుకు ఇది చాలు, ట్రయాక్ సంగతి తీరిగ్గా చూసుకో.

అసలు తప్పు రెగ్యులేటర్‌ని పొయ్యి కాలికి బిగించడం. చెయ్యి పెట్టలేని చోట కరెంటు సామాను పెడితే ఉంటుందా?

రీవైండింగ్_మామ (అనంతపురం)

రేకు మాట మంచిదే, రెండు రోజులకైతే. నోరు మూస్తే మోటారుకు బరువు తగ్గి ఇంకా జోరుగా తిరుగుతుంది, శబ్దం సన్నబడుతుంది వినండి. బ్రష్ మోటారుకు అది పనికిరాదు, బ్రష్‌లు ఇంకా అరుగుతాయి. సగానికి మించి మూయొద్దు. పొయ్యి కాలి సంగతిలో మాత్రం కొలిమి అన్న మాటే నాదీ. ట్రయాక్ లోపలి వేడి 125 డిగ్రీలు దాటకూడదు, దానికి తోడు నువ్వు బయటినుంచి కాలుస్తున్నావు.

కారందోశ_కడప

నాలుగు రోజుల తర్వాత చెబుతున్నా, ఏమనుకోవద్దు, పెళ్లి ఆర్డర్ వచ్చింది.

రెండు రోజులు రేకుతో లాగించాను, అట్టడబ్బా మూత కాదు, నిజంగా నూనె డబ్బా రేకే కత్తిరించి పెట్టాను. ఆ తర్వాత రెగ్యులేటర్ విప్పితే లోపల బోర్డు కనిపించలేదు, బజ్జీల నూనె ఆవిరి, మసి కలిసి నల్ల హల్వాలా పేరుకుపోయి ఉంది. పాత టూత్‌బ్రష్, స్పిరిట్‌తో తుడిస్తే అప్పుడు కనిపించింది అక్షరాలా బీటీ136. మీటర్ పెట్టగానే కుయ్‌మంది మామా, ఆ శబ్దం వింటే ఇంత సంతోషం వేస్తుందని అనుకోలేదు. బ్రష్‌లు తీస్తే ఒకటి చిటికెన వేలి గోరంత మిగిలింది, స్ప్రింగు కమ్యుటేటర్‌ని, అదే బ్రష్‌లు రుద్దుకునే రాగి చుట్టుని, గీకడానికి సిద్ధంగా ఉంది. మా వీధి చివర టీవీ మెకానిక్ చేత బీటీఏ16 టంకం పెట్టించాను, పార్టు 40 రూపాయలు, అతను చేతికూలి టిఫిన్‌లో చెల్లు వేసుకున్నాడు.

రెగ్యులేటర్ ఇప్పుడు గోడకు, స్విచ్ బోర్డు పక్కన. పొయ్యి దగ్గర వైరుకు గాజు నూలు స్లీవ్ వేశాను. పొద్దుటూరన్న చెప్పినట్టు ముందు ఫుల్‌లో పెట్టి, నిప్పు అందుకున్నాక తగ్గిస్తున్నాను. సాంబారు కుతకుతమనేటప్పుడు నాబ్ తొమ్మిది గంటల దగ్గర ఉంటే బూడిద కదలదు, అక్కడ మా పిల్లోడు సున్నంతో చుక్క పెట్టాడు.

సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ మా బావ ఇంట్లో బిగించాను, అతని దగ్గర డబ్బులు తీసుకున్నాను.