అప్‌డేట్: సెపక్ తక్రా వ్యాసం అచ్చయింది

సెపక్ తక్రా అనే ఆట మీద రాసిన వ్యాసాన్ని మూడు పత్రికలకు పంపినా జవాబు రాలేదని మార్చిలో అడిగాను కదా. మొన్న ఆదివారం అనుబంధంలో వచ్చింది! సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసిన సలహా ఒకటే: వ్యాసం మొత్తం కాకుండా ముందు ఐదు వాక్యాల మెయిల్ పంపడం. అందులో 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు తెచ్చిన కాంస్యంతో మొదలుపెట్టాను. చేతులు తగలకుండా కాళ్లతో, తలతో ఆడే వాలీబాల్ లాంటి ఆట అని ఒక్క ముక్కలో చెప్పాను. రెండు రోజుల్లో సబ్‌ఎడిటర్ ఫోన్ చేశారు. పాత వ్యాసం నియమాల పాఠంలా ఉందన్నారు, నిజమే. 1,800 పదాలను 600కి కుదించాను. నేను తీసిన ఫొటోలు రెండు వేశారు.

ప్రెస్ కార్డు, సిఫార్సు ఏవీ అవసరపడలేదు. ఫాంట్ గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను, యూనికోడ్ (ఫోన్లో, కంప్యూటర్లో మామూలుగా టైప్ చేసే తెలుగు) సరిపోయింది. హామీ పత్రం (వ్యాసం నా సొంతమేనని, ఇంకెక్కడా అచ్చు కాలేదని రాసిచ్చేది) మాత్రం తప్పకుండా అడిగారు.