పిల్లల వికాసం, కుటుంబ అధ్యయనంలో పీజీ: అసలు ఏం నేర్పిస్తారు?

ప్రశ్న: డిగ్రీలో నాది సైకాలజీ. పీజీకి ఈ విభాగంలో చేరాలనుంది. ఇంట్లో మాత్రం "పిల్లల్ని ఆడించడానికి పీజీ ఎందుకే?" అంటున్నారు. చదివినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు 1: నేను చదివాను. మొదట్లో సగం పని పరిశీలనే. ల్యాబ్ నర్సరీలో (పిల్లల్ని గమనించడానికి కాలేజీ నడిపే నర్సరీ) ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక కూర్చుని, అవతల పాప ఏం చేస్తే అది రాయాలి. "పాపకి కోపం వచ్చింది" అని రాస్తే మా మేడమ్ నిలువునా గీత కొట్టేసేవారు. "బ్లాక్ విసిరింది, తలుపు వైపు చూసింది, బొటనవేలు నోట్లో పెట్టుకుంది" అని రాయాలి. అది కోపమో, భయమో, నిద్రో తర్వాత తేల్చుకోవాలి. తల్లితో బిడ్డకున్న అనుబంధం ఎలాంటిదో తెలుసుకోవడానికి సైకాలజిస్ట్ మేరీ ఎయిన్స్‌వర్త్ రూపొందించిన పద్ధతి కూడా అక్కడే చూశాం. ఏడాది బిడ్డను గదిలో వదిలి తల్లి బయటికెళ్తుంది, మళ్లీ వస్తుంది. మొత్తం 8 ఘట్టాలు, చాలావరకు ఒక్కోటి 3 నిమిషాలు. కొత్తవాళ్లందరి దృష్టీ ఏడుపు మీదే ఉంటుంది (నాదీ అంతే). తల్లి తిరిగొచ్చాక బిడ్డ ఏం చేసిందన్నదే ముఖ్యం.

జవాబు 2: స్టాటిస్టిక్స్ తప్పదు. లెక్కలంటే టెన్షన్ ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ. మరి కుటుంబం సంగతి?

జవాబు 1: నాకు బాగా నచ్చింది అదే. బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ అనే సైకాలజిస్ట్ చెప్పినట్టు, బిడ్డ అడుగుపెట్టని చోటు కూడా బిడ్డను మారుస్తుంది. ఆఫీసులో నాన్న షిఫ్ట్ మారితే ఇంట్లో పిల్ల నిద్రవేళ మారుతుంది కదా! పెళ్లి, విడాకులు, వృద్ధాప్యం కూడా సిలబస్‌లో ఉంటాయి. మీ ఇంట్లోవాళ్లకి ఆ సిలబస్ చూపించండి.