అల్-బషీర్ కేసు: సొంత చట్టం లేని దేశంలో ఏ వాదన నిలుస్తుంది?

లా చదువుతున్నాను. మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా కోర్టు వాదనల పోటీ) దగ్గరపడింది, ఒక్కచోట ఆగిపోయి టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

2015 జూన్‌లో సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్-బషీర్ జొహానెస్‌బర్గ్ వచ్చారు. సూడాన్‌లోని డార్ఫుర్ ప్రాంతంలో జరిగిన దారుణాలపై ఆయన మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారెంట్లున్నాయి. దేశం దాటనివ్వొద్దని ప్రిటోరియా హైకోర్టు ఆదేశించినా విమానమెక్కి వెళ్లిపోయారు. డార్ఫుర్ బాధితులను తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

అరెస్టు చేయకపోవడం చట్టవిరుద్ధమని 2016లో దక్షిణాఫ్రికా అప్పీలు కోర్టు తేల్చింది. కానీ దానికి ఆధారం, రోమ్ శాసనాన్ని (ఆ అంతర్జాతీయ కోర్టును ఏర్పరచిన ఒప్పందం) దేశంలో అమలు చేయడానికి వాళ్లు 2002లో చేసుకున్న సొంత చట్టం. ఆచార అంతర్జాతీయ చట్టం (దేశాల మధ్య ఆచారంగా స్థిరపడ్డ నియమాలు) ప్రకారమైతే పదవిలో ఉన్న దేశాధినేతకు అరెస్టు నుంచి రక్షణ ఉందనే ఒప్పుకుంది.

మరి అలాంటి సొంత చట్టం లేని ఆ శాసనపు సభ్యదేశంలో, వేరే దేశపు వ్యక్తికున్న రక్షణను ఉల్లంఘించేలా అప్పగింత కోరకూడదనే రోమ్ శాసనం 98వ అధికరణం అడ్డొస్తే జడ్జికి ఏం చెప్పాలి? పదవిని బట్టి ఎవరికీ మినహాయింపు లేదనే 27వ అధికరణం చాలా? సూడాన్ అసలు సభ్యదేశమే కాదు కదా, డార్ఫుర్ వ్యవహారాన్ని ఆ కోర్టుకు అప్పగించిన భద్రతా మండలి 1593 తీర్మానం మీద ఆధారపడొచ్చా?